‘కు’ది ఏ విభక్తి?

బాలాపూర్ గణపతి లడ్డూ వేలం గురించి నలుగురు మాట్లాడుకుంటుంటే ఆ మాటల్లో ‘కి’, ‘కు’ ఎన్నిసార్లు దొర్లుతాయో వినండి. 1994లో తొలిసారి ఆ లడ్డూ 450 రూపాయలకు పోయింది, 2025లో 35 లక్షలకు. నిమజ్జనం నాడు పొద్దున్నే జనం బాలాపూర్‌కు చేరుకుంటారు. పాడుకున్నవాళ్లు చుట్టాలకూ ఊరివాళ్లకూ ప్రసాదం పంచుతారు. అసలు వినాయకుడికి లడ్డూ అంటే ఇష్టం కదా! ధర, చేరే చోటు, పుచ్చుకునేవాళ్లు, ఇష్టపడేవాళ్లు, అన్నింటికీ ఒకటే ప్రత్యయం.

బడిలో మాత్రం దీన్ని షష్ఠి అని నేర్పుతారు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ప్రకారం కొఱకున్, కై చతుర్థి. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠి. ‘భక్తుడికి ఇచ్చాడు’ అన్నప్పుడు పుచ్చుకునేవాడు సంప్రదానం, అంటే చతుర్థికి చెందాల్సినవాడు. అతని పక్కనున్న ‘కి’ షష్ఠి ఎలా అయిందని పిల్లవాడు అడిగితే పంతులుగారి దగ్గర జవాబు ఉండదు. పూజలో ‘గణేశాయ నమః’ అంటాం, అది చతుర్థి. అదే భావం తెలుగులో ‘గణేశుడికి నమస్కారం’. ఒకరికి ఒకటి రుచించడంలోనూ పాణిని చతుర్థే విధించాడు. తొల్కాప్పియం తమిళ ‘కు’ను నాలుగో విభక్తిగానే లెక్కించింది. కన్నడంలో ‘గె’, ‘కె’ చతుర్థే. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం కూడా కి, కులను షష్ఠినుంచి విడదీసే చూపింది.

అలాగని పాతవాళ్లు గుడ్డిగా రాశారనడం అన్యాయం. ప్రాకృతాల్లో చతుర్థి చాలావరకు జారిపోయి, దాని పనిని షష్ఠే అందుకుంది. ఆ రెంటినీ కలిపి చూసే అలవాటు మన వ్యాకర్తలకు కొత్తది కాదు. పైగా ‘దశరథుడికి నలుగురు కొడుకులు’ అన్నప్పుడు ‘కి’ చెప్పేది సంబంధాన్నే, అది అచ్చంగా షష్ఠ్యర్థం. ఇక 450 రూపాయలకు అన్నది సంస్కృతంలో తృతీయకు పోతుంది. కనుక ‘కు’ను చతుర్థిలోకి మార్చినంత మాత్రాన అంతా సర్దుకోదు. ఏడు విభక్తుల చట్రం సంస్కృతానికి కుదిరింది, మన ప్రత్యయాలు దానికి ఒదగవు.

అయినా నేను మార్పు వైపే మొగ్గుతాను. సంబంధార్థం ‘కు’ చేసే పనుల్లో ఒకటే. ఇవ్వడం, చేరడం, తెలియడం, నచ్చడం, ఆకలేయడం, ఇవన్నీ మరోవైపున్నాయి. ‘నా ఇల్లు’ అనడానికి మనకు ప్రత్యయమే అక్కర్లేదు, ‘యొక్క’ మాట్లాడే నోట వినబడదు. పద్యాలూ పాత వ్యాఖ్యానాలూ చదివే పై తరగతుల్లో సూరి పట్టిక ఉన్నదున్నట్టు ఉండాలి, అది లేకపోతే ఆ పుస్తకాలు అర్థం కావు. ఆరో తరగతి పిల్లలకు మాత్రం ‘కు’ను ముందు చతుర్థిగా చెప్పి, దశరథుడి వాక్యాన్ని పక్కనే విడిగా చూపించాలి.