వెబ్‌సైటు పనికీ ఒడంబడిక కావాలి

ఒకప్పుడు మన పట్టణాలలో అక్షరాన్ని నమ్ముకుని బతికిన వృత్తులు కొన్ని ఉండేవి. దుకాణాల బోర్డులు రాసే పెయింటరు, శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సు యజమాని, ఉర్దూ పత్రికలకు నస్తాలీఖ్ లిపిలో పేజీలు రాసిపెట్టే కాతిబు ఈ కోవకు చెందినవారు. 1981లో నూరీ నస్తాలీఖ్ అక్షరాలు రూపొందిన తరువాత ఉర్దూ రాత క్రమంగా కంప్యూటరు మీదికి చేరింది. ఫ్లెక్సీలు వచ్చి పెయింటరు కుంచెకు పని తగ్గించాయి. అటువంటి ఇళ్లలోని పిల్లలు కొందరు నేడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వెబ్‌సైట్లు, లోగోలు, వాట్సాప్‌లో పంపే ఆహ్వానాలు తయారుచేస్తున్నారు. ఇంట్లో ఒక గది, ఒక కంప్యూటరు, ఇంటర్నెట్ ఉంటే చాలు, దుకాణం తెరిచినట్టే. ఇది తలెత్తుకుని చేయదగిన వృత్తి, ధర్మసమ్మతమైన సంపాదన.

అయితే ఈ వృత్తిలోని యువకులు, వారికి పని ఇచ్చినవారు మాట పట్టింపులకు పోయి, పరిష్కారం కోసం మా వంటి ఉపాధ్యాయుల దగ్గరికి రావడం కొన్నేళ్లుగా చూస్తున్నాము. ఇరువురిలో ఒకరు మోసగాడని తేల్చి చెప్పగల వ్యవహారం అరుదు. వచ్చేవారు మేనమామ, మేనల్లుడు కావచ్చు. ఒకే మసీదులో ఒకే వరుసలో నిలబడే ఇద్దరు కావచ్చు. "మనలో మనకు కాగితాలెందుకు?" అనుకుని పని మొదలుపెట్టినవారే. తీరా మాటా మాటా పెరిగి, ఎదురుపడితే సలాము కూడా చెప్పుకోని స్థితిలో మా ముందు కూర్చుంటారు. మేము గమనించినంతలో తగాదాకు మూలం ఒక్కటే. ఏమి చేస్తానని ఒకరు ఒప్పుకున్నారో, ఏమి ఇస్తానని మరొకరు ఒప్పుకున్నారో ఎక్కడా రాసి లేదు.

పాత బోర్డుకూ నేటి వెబ్‌సైటుకూ ఒక పెద్ద తేడా ఉంది. బోర్డు కంటికి కనిపిస్తుంది. పొడవు, వెడల్పు కొలిచి, అడుగుకు ఇంత అని లెక్కగట్టి, దుకాణం నెత్తిన తగిలించాక పని ముగిసినట్టే. వెబ్‌సైటుకు అటువంటి కొలత లేదు. పని ఎక్కడ ముగిసిందో, అది ఎవరి సొత్తో, దానిలో ఎంత శ్రమ ఇమిడి ఉన్నదో చూసేవారికి తెలియదు. చేత్తో పట్టి చూడలేని సరుకు గనుకనే మాట మరింత స్పష్టంగా ఉండాలి.

మదరసాలలో మేము బోధించే ఫిఖ్హ్ గ్రంథాలలో ఇస్తిస్నా అనే అంశం ఉంది. ఇంకా తయారుకాని వస్తువును చెప్పి చేయించుకోవడమే ఇస్తిస్నా. దగ్గర లేని వస్తువును అమ్మరాదన్నది సాధారణ నియమం. అయినా చెప్పులు, పాత్రలు వంటివాటిని చెప్పి చేయించుకోవడం ప్రజల వాడుకలో స్థిరపడినందున హనఫీ ధర్మవేత్తలు దానిని అనుమతించారు. అందుకు షరతు ఉంది. వస్తువు రకం, కొలత, గుణం వివాదానికి తావులేనంత స్పష్టంగా వర్ణించాలి. ఉస్మానియా ప్రభుత్వం 1869 నుంచి 1876 వరకు కూర్పు చేయించిన మజల్లా అనే న్యాయసంహిత ఈ అంశాన్ని చేర్చుకుంది. ఒప్పందం కుదిరిన తరువాత ఏ పక్షమూ తనంతట తాను వెనుదిరగరాదనీ, తయారైన వస్తువు వర్ణనకు భిన్నంగా ఉంటే మాత్రం చేయించుకున్నవాడు దానిని నిరాకరించవచ్చుననీ అందులో ఉంది. వెబ్‌సైటు పనిని ఇస్తిస్నాగా చూసినా, శ్రమకు ప్రతిఫలం చెల్లించే ఇజారాగా చూసినా తేలేది ఒక్కటే: పని ఏమిటో తెలియాలి, ప్రతిఫలం ఎంతో తెలియాలి. ఖుర్ఆన్‌లోని అత్యంత దీర్ఘమైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. గడువు పెట్టుకున్న బాకీలను రాసిపెట్టుకోవడం గురించే అది బోధిస్తుంది. "మనలో మనకు కాగితాలెందుకు" అనే మాటకు ఇంతకన్నా సమాధానం అక్కరలేదు.

ఇక ఏమేమి రాసుకోవాలో చూద్దాం.

మొదటిది, పేరు ఎవరిదన్న సంగతి. వెబ్‌సైటుకు మూడు భాగాలుంటాయి. ఒకటి దాని చిరునామా, అంటే డొమైన్ పేరు. రెండవది దానిని ఉంచే స్థలం, అంటే హోస్టింగ్. మూడవది ఆ స్థలంలో కట్టిన ఇల్లు, అంటే మనం చూసే పేజీలు. డొమైన్ పేరును ఎవరూ శాశ్వతంగా కొనలేరు. ఏడాదికో, ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్లకో నమోదు చేయించుకుని, గడువు తీరేలోగా పొడిగించుకుంటూ ఉండాలి. ఎవరి పేరు మీద, ఎవరి ఈమెయిలుతో నమోదయిందో ఆ వ్యక్తి చేతిలోనే దాని తాళం ఉంటుంది.

ఒక చిన్న పాఠశాల నిర్వాహకులు ఈ పనంతా తెలిసిన యువకుడికి అప్పగించారు. అతడు తన ఈమెయిలుతో, తన పేరు మీదనే డొమైన్ తీసుకున్నాడు. దురుద్దేశమేమీ లేదు, ఆ పూటకు అది సులువు. రెండేళ్లకు ఉద్యోగం దొరికి దుబాయ్ వెళ్లాడు. ఫోను నంబరు మారింది. గడువును గుర్తుచేసే సందేశాలు అతడు చూడడం మానేసిన పాత ఈమెయిలుకే చేరాయి. సరిగ్గా ప్రవేశాల కాలంలో తల్లిదండ్రులు వెబ్‌సైటు తెరిస్తే ఖాళీగా కనిపించింది. డాట్ కామ్ పేరు గడువు తీరి రద్దయితే, పాత హక్కుదారు దానిని తిరిగి పొందడానికి 30 రోజుల వ్యవధి ఉంటుంది. అప్పుడు కట్టవలసిన రుసుము మామూలు కన్నా ఎక్కువ. అదీ దాటితే మరో 5 రోజుల తరువాత ఆ పేరును ప్రపంచంలో ఎవరైనా తీసుకోవచ్చు. పాఠశాలవారు ఆ 30 రోజుల లోపల అతడి బంధువుల ద్వారా ఆచూకీ తెలుసుకుని గండం గట్టెక్కారు.

కాబట్టి డొమైన్ పేరు, హోస్టింగ్ ఖాతా చేయించుకున్నవారి పేరు మీద, వారి ఈమెయిలుతోనే ఉండాలి. పని కోసం డిజైనరు చేతికి ఇచ్చే పాస్‌వర్డు అతడి దగ్గర అమానత్. డబ్బు రాలేదన్న కోపంతో నడుస్తున్న వెబ్‌సైటును ఆపివేయడం, పరాయివారి పేరును బిగపట్టుకోవడం అమానత్‌కు ద్రోహం చేయడమే. బాకీ రాబట్టుకోవడానికి వేరే మార్గాలున్నాయి, వాటిని ముందు చెప్పుకుందాం.

రెండవది, పని ఎంత అన్న సంగతి. ఎన్ని పేజీలు, ఏయే భాషలు, విషయం ఎవరు రాసిస్తారు, ఫోటోలు ఎవరు ఇస్తారు, నమూనా చూపాక ఎన్నిసార్లు మార్పులు చేయాలి అన్నవి రాసుకోవాలి. "చిన్న మార్పే కదా, బాబూ" అన్న మాట వినడానికి చిన్నదే. అది పదిసార్లు వస్తే ఆ యువకుడికి వారం రోజుల కూలి పోతుంది. "మూడుసార్ల వరకు మార్పులు ఇందులోనే, ఆపైన ఇంత" అని ముందే రాసుకుంటే అడిగేవారూ ఆలోచించి అడుగుతారు, చేసేవారూ విసుక్కోకుండా చేస్తారు.

మన భాషలలో పని మరికాస్త ఎక్కువ. ప్రెస్సులో పాత అను ఫాంట్లతో కొట్టించిన తెలుగు విషయాన్ని యథాతథంగా వెబ్‌సైటులో పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. దానిని యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో చెడిన ఒత్తులనూ గుణింతాలనూ ఒక్కొక్కటిగా దిద్దాలి. పాత ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూదీ ఇదే కథ. పైగా ఉర్దూ కుడినుంచి ఎడమకు, తెలుగు ఎడమనుంచి కుడికి నడుస్తాయి. రెండూ ఒకే పేజీలో ఇమడాలంటే పేజీ అమరికనంతా రెండు విధాల సిద్ధం చేయాలి. "మ్యాటరు ఇచ్చాం కదా, అతికించడమే కదా" అనేవారు ఈ శ్రమను ఒకసారి దగ్గర కూర్చుని చూడాలి.

మూడవది, తయారైనది ఎవరి సొత్తు అన్న సంగతి. డబ్బు ఇచ్చాం గనుక అంతా మాదేనని చేయించుకున్నవారు అనుకుంటారు. మన దేశపు 1957 కాపీరైట్ చట్టం ఈ విషయంలో మరోలా చెబుతుంది. జీతానికి పనిచేసే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా చేసినది యజమానిది. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో, వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవారిది. బయటి డిజైనరు స్వతంత్రంగా రాసిన కోడుకు మాత్రం మొదటి హక్కుదారు దానిని రాసినవాడే. ఆ హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమేననీ చట్టం భావిస్తుంది. ఒక్క వాక్యం రాసుకుంటే తీరిపోయే విషయం ఇది. "పూర్తి సొమ్ము ముట్టిన రోజున సర్వహక్కులూ, మూల ఫైళ్లూ అప్పగిస్తాను" అని డిజైనరు రాసి ఇస్తే ఇరుపక్షాలకూ న్యాయం జరుగుతుంది.

నాలుగవది, సొమ్ము ఎప్పుడు అన్న సంగతి. మొత్తాన్ని మూడు భాగాలు చేసుకోవడం మంచిది. మొదలుపెట్టేటప్పుడు ఒక భాగం, నమూనా ఒప్పుకున్నప్పుడు ఒకటి, అప్పగించినప్పుడు ఒకటి. స్తోమత ఉండి కూడా బాకీ తీర్చడంలో జాప్యం చేయడం అన్యాయమని దైవప్రవక్త (స) బోధించారు. ప్రభుత్వ చట్టం కూడా చిన్న వ్యాపారి పక్షాన ఒక గడువు పెట్టింది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం రాసుకున్న ఒప్పందం ఉన్నా సరే, పని స్వీకరించిన 45 రోజులు మించకుండా చెల్లించాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజులలో చెల్లించాలి. ఉద్యమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్న చిన్న సంస్థ, బాకీ రాకపోతే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు. ఆ నమోదుకు రుసుము లేదు. ఆలస్యానికి చక్రవడ్డీ కోరే నిబంధన కూడా ఆ చట్టంలో ఉంది. వడ్డీ మనకు నిషిద్ధం గనుక దాని జోలికి పోనక్కరలేదు. తన అసలు సొమ్మును గడువులోగా కోరడానికి ఏ నిషేధమూ లేదు.

ఇప్పుడు మన సంస్థల నిర్వాహకులకు ఒక మాట. మసీదు కమిటీ, మదరసా, సేవాసంఘం ఏదైనా కానీ, పోస్టరో వెబ్‌సైటో అవసరమైనప్పుడు "సవాబు పని కదా, నీకు దుఆ చేస్తాం" అని కుర్రవాడి భుజం తట్టడం ఆనవాయితీ అయిపోయింది. అదే సంస్థ మైకు సెట్టు అద్దె చెల్లిస్తుంది, షామియానావాడికి చెల్లిస్తుంది, ఫ్లెక్సీ ముద్రించినవాడికీ చెల్లిస్తుంది. ఫ్లెక్సీ మీది రాతను రాత్రి రెండింటివరకు కూర్చుని అమర్చినవాడికి మాత్రం దుఆతో సరిపెడుతుంది. ఇంటర్నెట్‌లో అన్నీ ఉచితమే కదా అనే వాదం కూడా వింటుంటాము. నిజమే, వెబ్‌ను సృష్టించిన సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న దానిని రుసుము లేకుండా లోకానికి వదిలివేసింది. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ ఉచితమే. గిడుగు, మండలి, సూరన్న వంటి తెలుగు ఫాంట్లూ ఉచితంగా దొరుకుతాయి. ఊరి బావిలో నీళ్లూ ఉచితమే. అయినా బిందె మోసుకొచ్చినవారికి కూలి ఇస్తాము.

సేవగా చేయాలనుకున్నవాడు చేయవచ్చు, అది అతడి ఇష్టం. ఆ ఇష్టం అతడి నోట రావాలి, మన నోట కాదు. ముందు ప్రతిఫలం ఎంతో అడిగి, ఆ మొత్తాన్ని అతడి చేతిలో పెట్టండి. తరువాత అతడు దానిని తిరిగి విరాళంగా ఇస్తే అది అసలైన సదఖా. మొహమాటంతో కాదనలేక చేసిన పనిలో అతడి మనసు ఉండదు. ఇంట్లో తల్లిదండ్రులు కూడా "ఈ కంప్యూటరు పనితో బువ్వ రాదు" అని అతడిని వేరే దారి చూసుకోమంటారు. అలా ఈ వృత్తిని వదిలిన నేర్పరులు మాకు తెలుసు.

ఇంటి పట్టున ఉండి ఈ పని చేసే ఆడపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బంధువుల పెళ్లి అనగానే శుభలేఖ డిజైను ఆమె వంతు, ధర మాట ఎత్తితే "పరాయివాళ్లమా?" అన్న నిష్ఠూరం. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె సంపాదన ఆమెదే. తండ్రి గానీ భర్త గానీ ఆమె తరఫున "ఏం ఫరవాలేదు, ఉచితంగా చేసిపెడుతుంది" అని మాట ఇచ్చే హక్కు లేనివారు. ధరల పట్టిక ఒకటి తయారుచేసి, అడిగిన ప్రతివారికీ అదే పంపే అలవాటు చేసుకుంటే ఆమెకు మొహమాటం తప్పుతుంది. బంధువులకు తగ్గించాలనుకుంటే ఎంత తగ్గించాలో ఆమే నిర్ణయించుకుంటుంది.

ఇదంతా రాయడానికి వకీలు అవసరం లేదు. పని వివరం, పేజీలు, మార్పుల లెక్క, డొమైన్ ఎవరి పేరు మీద, హక్కులు ఎవరికి, మొత్తం ఎంత, ఏ తేదీలకు ఎంతెంత, ఏడాది తరువాత నిర్వహణ ఎవరిది: ఈ ఎనిమిది అంశాలు ఒక్క కాగితం మీద ఇముడుతాయి. ఇద్దరూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోవాలి, ఇద్దరు సాక్షులుంటే మరీ మంచిది. రమజాన్ దగ్గరపడుతుంటే సెహ్రీ, ఇఫ్తార్ వేళల పట్టికలు, జకాత్ విజ్ఞప్తులు, ఈద్ శుభాకాంక్షల కార్డుల కోసం ఈ పిల్లల గుమ్మం ముందు మనమంతా నిలబడతాము. ఈసారి వెళ్లేటప్పుడు ఆ కాగితాన్నీ, మొదటి వాయిదా సొమ్మునూ వెంట తీసుకుని వెళదాం.