ముందు సీటు పెద్దలది

కుటుంబమంతా కలిసి దూర ప్రయాణానికి వెళ్లినప్పుడు ఎవరో ఒకరు బసలోనే మిగిలిపోవడం మనందరికీ తెలిసిన విషయమే. "మీరు చూసి రండి, నేను సామాను దగ్గర ఉంటాను" అంటారు వారు. ఆ మాట అనేది సాధారణంగా ఇంటిలో అందరికన్నా పెద్దవారే. చూడాలన్న కోరిక లేక వారలా అనరు. తమ మోకాళ్ల నొప్పి వల్ల పదిమందికి ఆలస్యం కారాదని అంటారు. పిల్లలు కూడా "విశ్రాంతి తీసుకోండి" అని మర్యాదగానే చెప్పి బయలుదేరుతారు. రాత్రికి తిరిగివచ్చి ఫోనులో ఫోటోలు చూపిస్తారు. మర్యాదకు లోటు జరగలేదు. కాని అంత దూరం వచ్చిన మనిషి నాలుగు గోడలను మాత్రమే చూసి తిరుగు ప్రయాణం కట్టవలసి వచ్చింది.

చారిత్రక నగరాలలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. అవి కాలినడకన తిరిగే మనుషుల కోసం, గుర్రాల కోసం కట్టిన నగరాలు. ఇటలీ రాజధాని రోమ్ అందుకు పెద్ద ఉదాహరణ. గత సంవత్సరం 78 ఏళ్ల మా అమ్మీని వెంటబెట్టుకొని ఆ నగరాన్ని చూసే అవకాశం మాకు కలిగింది. ఆమె చేతికర్ర సాయంతో ఇంటి నుంచి వీధి మలుపు వరకు నడవగలరు. అంతకు మించి నడవలేరు. అటువంటివారు ఆ నగరాన్ని చూడగల మార్గం ఒకటి ఉన్నది. ఈ నెల దానిని గురించి చెప్పదలచుకున్నాము.

రోమ్ పాత నగరపు వీధులలో చాలా భాగం సాంపియెత్రీని అనే నల్లని రాతి దిమ్మెలతో పరచినవి. అవి చూడటానికి అందంగా ఉంటాయి. కాని వాటి సందులలో చేతికర్ర ఇరుక్కుంటుంది, చక్రాల కుర్చీ ఎగిరెగిరి పడుతుంది. నగరం కొండల మీద ఉన్నందున ఎత్తుపల్లాలు తప్పవు. బస్సు దిగిన చోటి నుంచి చూడవలసిన చోటికి పావుగంట నడక సామాన్యం. పోనీ కారు తీసుకుందామంటే, నగర మధ్యభాగంలోకి అనుమతి లేని వాహనాలు నిర్ణీత వేళలలో రాకూడదు. వస్తే కెమెరాలు పట్టుకుంటాయి, జరిమానా ఇంటికి వస్తుంది.

అందువల్ల అక్కడ గోల్ఫ్ బండ్లు వాడుకలోకి వచ్చాయి. మన పెద్ద రైల్వే స్టేషన్లలో వృద్ధులను ప్లాట్‌ఫారం మీద తీసుకుపోయే బ్యాటరీ కారును చూసినవారికి దాని రూపం వేరుగా వర్ణించనక్కరలేదు. పైన కప్పు ఉంటుంది, పక్కలు తెరిచి ఉంటాయి, నలుగురు మొదలు ఏడుగురి వరకు కూర్చోవచ్చు. ఒక కుటుంబానికి ఒక బండి. నడిపేవారే దారిలో కనిపించేవాటిని గురించి నాలుగు మాటలు చెబుతారు. పొగ ఉండదు, పెద్ద శబ్దమూ ఉండదు, ఇరుకు సందులలో సైతం పోగలదు.

మేము ఉదయం ఎండ ముదరక ముందే బయలుదేరి మొదట కొలోసియం వద్ద ఆగాము. బండి లోపలికి పోదు, చుట్టూ తిప్పుతుంది. వెస్పాసియన్ చక్రవర్తి ఆరంభించిన ఈ కట్టడాన్ని ఆయన కుమారుడు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించాడు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న దీని పొడవు 189 మీటర్లు, వెడల్పు 156 మీటర్లు, ఎత్తు సుమారు 48 మీటర్లు. మనుషులు మనుషులతోను, మృగాలతోను పోరాడి చనిపోవడాన్ని వేలాది ప్రజలు వినోదంగా చూసిన స్థలమిది. ప్రవేశానికి 80 ద్వారాలు ఉండేవి. వాటిలో సామాన్య ప్రజలు వాడే ద్వారాల మీద అంకెలు చెక్కి ఉన్నాయి. మన స్టేడియాలలో గేటు నంబరు చూసి లోపలికి పోయే పద్ధతి అప్పటికే ఉన్నదన్నమాట.

దానికి ఎదురుగా కొంత దూరంలో టైటస్ విజయ తోరణం కనిపిస్తుంది. ఇదే టైటస్ క్రీ.శ. 70లో బైతుల్ మఖ్దిస్ నగరాన్ని ముట్టడించి అక్కడి ఆరాధనాలయాన్ని నేలమట్టం చేశాడు. అక్కడ దోచిన ఏడు కొమ్మల దీపస్తంభాన్ని సైనికులు భుజాన మోసుకుపోతున్న దృశ్యం ఈ తోరణం లోపలి గోడపై చెక్కి ఉన్నది. ఆ యుద్ధంలో దక్కిన సొమ్ము కొలోసియం నిర్మాణానికి తోడ్పడిందని చరిత్రకారుల అభిప్రాయం. ఒక నగరం కన్నీరు మరొక నగరానికి వినోదశాల అయింది. ఈ రెండు కట్టడాలను ఒకే చోట నిలబడి చూసేవారికి ఇది పుస్తకంలో చదివినదానికన్నా లోతుగా నాటుకుంటుంది. అయితే తోరణం దగ్గరికి పోవాలంటే టికెట్టు కొని, ఎగుడుదిగుడు రాతి బాటపై నడవాలి. నడవగలవారు మరొక రోజు వెళ్లిరావచ్చు. పెద్దవారికి దూరం నుంచి చూపి, కథ చెబితే సరిపోతుంది.

అక్కడి నుంచి రథాల పందేలు జరిగిన సర్కస్ మాక్సిమస్ మీదుగా సాగి, అవెంటైన్ కొండపైన నారింజ చెట్ల తోటకు చేరాము. సర్కస్ మాక్సిమస్ ఇప్పుడు 600 మీటర్ల పొడవున పరుచుకున్న పచ్చిక పల్లం మాత్రమే. కొండపై తోట అంచున నిలబడితే టైబర్ నది, దాని ఆవలి గుమ్మటాలు కనిపిస్తాయి. కాలినడకన ఈ ఎత్తు ఎక్కడం మా అమ్మీకి అసాధ్యం. బండి ఉపయోగం మాకు పూర్తిగా తెలిసివచ్చింది ఈ కొండ మీదనే.

తరువాతది పాంథియన్. బండిని పక్క వీధిలో నిలిపి, నాలుగు అడుగులు మెల్లగా నడిచాము. రోమన్లు తమ దేవతల కోసం కట్టిన ఈ మందిరం క్రీ.శ. 609 నుంచి చర్చిగా ఉన్నది. ఇప్పటి కట్టడం సుమారు 1,900 ఏళ్ల నాటిది. దాని గుమ్మటం వ్యాసం 43 మీటర్ల పైచిలుకు. నేల నుంచి గుమ్మటం శిఖరానికి ఎత్తు కూడా సరిగ్గా అంతే. ఇనుప చువ్వలు లేకుండా కేవలం కాంక్రీటుతో కట్టిన గుమ్మటాలలో నేటికీ ఇంతకన్నా పెద్దది లేదు. దీని రహస్యం బరువు తగ్గించడంలో ఉన్నది. అడుగున బరువైన రాతి ముక్కలు కలిపిన కాంక్రీటు వాడి, పైకి పోయేకొద్దీ తేలికైన రాయి కలిపారు. శిఖరాన నీటిలో తేలే అగ్నిపర్వత శిలను కలిపారు. గోడ మందం కూడా పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. నడినెత్తిన గుండ్రని రంధ్రం తెరిచే ఉంటుంది. వాన కురిస్తే నీరు లోపల పడి, నేలలోని చిన్న కన్నాల గుండా పోతుంది.

బండి నడిపే యువకుడు చక్రవర్తుల పేర్లు వరుసగా చెబుతున్నాడు. ముఖద్వారం మీద ఉన్నది అగ్రిప్పా పేరని, ఆయన కట్టిన మొదటి మందిరం కాలిపోగా, హాడ్రియన్ చక్రవర్తి తిరిగి కట్టించి కూడా పాత పేరునే ఉంచాడని వివరించాడు. మా అమ్మీ ముఖమంటపంలోని స్తంభానికి చేయి ఆనించి నిలబడి, "ఇంత బరువు ఎవరు మోశారు?" అని అడిగారు. మా కుమారుడు ఆ ప్రశ్నను అతనికి ఇంగ్లీషులో చెప్పాడు. అతడు కొంచెం ఆగి, ఇది నన్ను ఎవరూ అడగలేదని నవ్వి, తనకు తెలిసినది చెప్పాడు.

ఆ మంటపంలో 16 స్తంభాలు ఉన్నాయి. అన్నీ ఈజిప్టు గ్రానైటు. ఒక్కొక్కటి సుమారు 12 మీటర్ల ఏకశిల, బరువు దాదాపు 60 టన్నులు. ఎడారి కొండలలో తొలిచిన రాయిని నైలు నది వరకు ఈడ్చి, పడవలపై సముద్రానికి చేర్చి, మధ్యధరా దాటించి, టైబర్ నది మీదుగా నగరానికి తెచ్చారు. ఈ పని చేసిన వేలమందిలో ఒక్కరి పేరు కూడా ఆ గోడల మీద లేదు. ఆ తరువాత ప్రతి మజిలీలోను ఆ యువకుడు కట్టించినవాని పేరుతోపాటు కట్టినవారి సంగతి కూడా చెప్పసాగాడు. సామాను దగ్గర ఉండవలసిన మనిషి అడిగిన ఒక్క ప్రశ్న మా అందరి ప్రయాణాన్ని మార్చివేసింది.

నవోనా చౌకులో మరొక వింత చూశాము. 1651లో బెర్నినీ పూర్తిచేసిన నాలుగు నదుల ఫౌంటెన్ అక్కడ ఉన్నది. నాలుగు ఖండాలకు గుర్తుగా నైలు, డాన్యూబ్, రియో దె లా ప్లాతా నదులతోపాటు మన గంగానది కూడా ఒక పురుషుని రూపంలో చెక్కబడింది. నౌకలు నడిచే నది అని తెలపడానికి అతని చేతిలో తెడ్డు పెట్టారు. నైలు పుట్టుచోటు ఆనాటికి వారికి తెలియనందున దాని ముఖం మీద బట్ట కప్పారు.

చివరిగా ట్రెవీ ఫౌంటెన్. 1762లో పూర్తయిన ఈ శిల్పశోభ కన్నా అందులోని నీటి చరిత్ర ఆసక్తికరం. పాంథియన్ ముఖద్వారం మీద పేరున్న ఆ అగ్రిప్పాయే క్రీ.పూ. 19లో 20 కిలోమీటర్లకు పైగా కాలువ కట్టించి ఈ ప్రాంతానికి నీరు తెచ్చాడు. అధిక భాగం భూగర్భంలోనే సాగే ఆ కాలువను పలుమార్లు బాగుచేశారు. దాని నీరే ఈనాడు ఈ ఫౌంటెన్‌లో పడుతున్నది. నాణెం విసిరితే మళ్లీ రోమ్‌కు వస్తారన్నది అక్కడి నమ్మకం. ఆ నాణేలను ఏరి కారితాస్ అనే ధార్మిక సేవాసంస్థ ద్వారా పేదల కోసం వినియోగిస్తారు. పేదలకు ఇవ్వదలచినవారు నీటిలో వేయకుండా నేరుగా చేతికే ఇవ్వవచ్చునని మా అభిప్రాయం. నగరమంతటా వీధి మలుపులలో సుమారు 2,500 ఇనుప కుళాయిలు రాత్రింబవళ్లు ఉచితంగా మంచినీరు ఇస్తుంటాయి. ఖాళీ సీసా వెంట ఉంచుకుంటే చాలు.

ఇక మన కుటుంబాలు గమనించవలసిన విషయాలు కొన్ని.

బండి మాట్లాడుకునే ముందే ధర బండికా, మనిషికా, ఎన్ని గంటలకు, బస వద్దకే వస్తుందా, ప్రవేశ టికెట్లు అందులో కలిసి ఉన్నాయా అని అడిగి తెలుసుకోవాలి. సాధారణంగా టికెట్లు వేరు. బండి నడిపేవారు, అనుమతి పొందిన గైడు ఒకరే కానక్కరలేదు. కట్టడాల లోపల వివరించే హక్కు అనుమతి గల గైడుకే ఉంటుంది. వైకల్యం గలవారికి, వారికి తోడు వచ్చే ఒకరికి ప్రభుత్వ పురావస్తు స్థలాలలో ప్రవేశం ఉచితం. తగిన ధ్రువపత్రం వెంట ఉంచుకోవాలి.

కొన్ని బండ్లలో చివరి సీటు వెనుకకు తిరిగి ఉంటుంది. అక్కడ పెద్దవారిని కూర్చోబెట్టరాదు. రాతి దిమ్మెల కుదుపు అక్కడే ఎక్కువ, ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు జారే ప్రమాదమూ అక్కడే. వారిది ముందు సీటు. నడుముకు చిన్న దిండు, ఎండకు పలుచని దుప్పట్టా ఉండాలి. జూలై, ఆగస్టు నెలల మధ్యాహ్నపు ఎండ తీవ్రంగా ఉంటుంది.

నమాజు వేళలను ముందుగానే లెక్కలో పెట్టుకోవాలి. రోమ్ పెద్ద మసీదు ఈ దారిలో రాదు, నగరానికి ఉత్తరాన ఉన్నది. 1974లో నగర పాలక మండలి ఇచ్చిన స్థలంలో నిర్మించి 1995లో ప్రారంభించారు. చెట్ల కొమ్మల వలె విచ్చుకునే దాని స్తంభాలు చూడదగినవి. దానికి మరొక పూట కేటాయించడం మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. బండి ఉన్నది కదా అని మూడు గంటలలో ఇరవై చోట్లు చూడాలని పరుగెత్తితే ఏదీ చూసినట్లు కాదు. కూర్చున్న చోటి నుంచే ఫోటోలు తీసుకుంటూ పోయేవారిని మేము చాలామందిని చూశాము. వారి ఫోన్లు రోమ్‌ను చూశాయి. అయిదు చోట్లు ఎంచుకొని, ప్రతి చోటా దిగి, నిలబడి, అడిగి తెలుసుకొని రావాలి. ఆ వీధులు అక్కడివారి ఇంటి వాకిళ్లు కూడా. శబ్దం లేని బండి వెనుక నుంచి వస్తే నడిచే వృద్ధులకు వినబడదు. మన ఇంటి పెద్దకు సుఖం కలిగించడానికి మరొక ఇంటి పెద్దను గోడకు నెట్టరాదు. తొందర లేదని నడిపేవారితో మొదటే చెప్పాలి.

రోమ్‌కు అందరూ పోలేరు, పోవలసిన అవసరమూ లేదు. మన ఊళ్లకు దగ్గరలోని కోటకో, తోటకో, బంధువుల ఇంటికో పోయినా నియమం ఇదే. ప్రయాణం నిర్ణయించేటప్పుడు ఇంటిలో అందరికన్నా మెల్లగా నడిచేవారిని మొదట అడగండి. వారి అడుగును బట్టి కార్యక్రమం రాసుకోండి. ఎక్కడ ఆగాలో వారిని చెప్పనివ్వండి. సామాను గదిలో పెట్టి తాళం వేస్తే చాలు, దానికి కాపలా అక్కరలేదు.