మా పేర్లను అద్దాల పెట్టెల పెడ్తరట

మన చర్చి పెద్దలకు ఈ నడుమ రెండు మాటలు పట్టుకున్నయి. ఒకటి వారసత్వం. రెండోది విజన్. ప్రసంగంల అవే, కమిటీ మీటింగుల అవే, రంగుల కరపత్రంల అవే. వారసత్వమంటే తెల్లదొర ఫొటోకు దండ, పాత గంటకు పాలిష్, పాత బాప్తిస్మ రిజిస్టర్లకు అద్దాల పెట్టె. విజనంటే గుడి ముందటి ఖాళీ జాగల షాపింగ్ కాంప్లెక్స్, దాని మీద ఏసీ ఫంక్షన్ హాలు. గోదావరిఖనిల ఏ గుడి ముచ్చట ఇది అని అడగకుండ్రి, చెప్ప. రామగుండం నుంచి కొత్తగూడెం దాక బొగ్గు బెల్టుల ఎవరి గుడిని వాళ్లు గుర్తుపట్టుకుంటరు.

వారసత్వం వద్దనే మనిషిని కాదు నేను. ఆ ఆకలి ఎక్కువున్నదే మాకు. గడీల కాగితాల మా పేర్లు లేవు, పట్వారీ లెక్కల లేవు. మా బాపును ఊర్ల "ఓరి" అని పిలిచిండ్రు, బాయిల నంబరుతోటి పిలిచిండ్రు. ఆయన పేరు, ఆయనను కన్న తల్లి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు అన్నీ ఒక్కకాడ నిండుగ రాసి ఉన్నయంటే అది బాప్తిస్మ రిజిస్టర్లనే. మాదిగోని పేరును సిరాతోటి రాసి, కింద సంతకం పెట్టి దాచిన పుస్తకం అది. అందుకే ఆ పుస్తకం ఎవరి చేతుల ఉండాలె, ఎవరికి పనికి రావాలె అని అడుగుతున్న.

ఇల్లందు కాడ బొగ్గు జాడ దొరికింది 1871ల. తవ్వుడు మొదలైంది 1889ల. ఆ గనుల దిక్కు రైలు చీలే డోర్నకల్‌కు 1912ల అజరయ్య బిషప్పయిండు, భారతీయుల్ల మొదటి ఆంగ్లికన్ బిషప్పు. అట్ల బొగ్గూ సువార్తా ఇంచుమించు ఒకే పట్టాల మీద వచ్చినయి. గోదావరిఖనిల బాయిలు తెరిచింది మాత్రం 1960లల్ల. మా గుడిని ఏ దొరా కట్టలే. కరీంనగర్ జిల్లా పల్లెలు ఇడిసి వచ్చిన కోల్ ఫిల్లర్లు, భూమి లోపల తట్టలతోటి బొగ్గు మోసి టబ్బులు నింపినోళ్లు, ముందుగాల ఒక గుడిసెల ప్రార్థన పెట్టుకున్నరు. రాత్రి షిఫ్టు దిగి, మొహం మీది బొగ్గు కడుక్కొని, కునుకన్న తీయకుండ మా బాపు ఇసుక మోసిండు. అవ్వలు పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కకు పెట్టిండ్రు. ఆ బియ్యం అమ్మి కిటికీలు కొన్నరు. మరి దండ ఎవరి ఫొటోకు పడ్డది? ఈ ఊరు పుట్టకముందే కాలం చేసిన దొరకు. పాలరాతి పలక మీద పేర్లు ఎవరియి? పెద్ద చెక్కు రాసిన ఆఫీసర్లయి, కాంట్రాక్టర్లయి. బియ్యం తెచ్చిన అవ్వ పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఇది మా ఒక్క గుడి రోగం కాదు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చికి 2024ల నూరేండ్లు నిండినయి. అది పాస్నెట్ దొర కట్టించిండంటరు. ఆ "కట్టించుడు"ల ఎంత మతలబున్నదో చూడుండ్రి. కరువు కాలంల కూలికి బదులు తిండి తీసుకొని రాళ్లెత్తినోళ్లు కట్టినోళ్లు. దొర ఆకలి తీర్చిండు, ఆ మేలు నేను మరువ. కాని ఎత్తినోని పేరెందుకు మరిచిండ్రు? అటు ఒంగోలు దిక్కు 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మమైంది. పుస్తకాల నిండ క్లౌ దొరే. నీళ్లల్ల నిలబడి వాళ్లను ముంచి లేపింది మాత్రం దేశీ బోధకులు. వాళ్లందరికన్న ముందు, తోళ్ల యాపారం చేసుకుంట ఊరూరికి పోయి మాదిగలకు ఆ కబురు చెప్పింది యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. ఎన్ని గుడుల పేరయ్య ఫొటో ఉన్నది?

ఇగ అద్దాల పెట్టె ముచ్చటకొస్త. మీటింగుల సెక్రటరీ గారు, రిజిస్టర్లను తెరిచి అందరికి కనపడేటట్టు హాల్ల పెడ్తమన్నడు. చప్పట్లు కొట్టిండ్రు. వెనుక వరుసల నుంచి ఒక ముసలవ్వ లేచింది. "అయ్యా, మా ఆయన పేరు గండ్ల ఉన్నది. రేపు ఎవడన్న ఫొటో తీసి ఆఫీసుల ఇస్తే నా మనుమని సర్టిఫికెటు పోదా?" అన్నది. సభ నవ్వింది. పాస్టరయ్య కూడ నవ్విండు. "ఇది ఆత్మీయ విషయం, అవ్వా, కూసో" అన్నడు. అవ్వ కూసోలే. బయటికి పోయింది.

నవ్వే మాటనా అది? 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా, హిందువు కానోడు షెడ్యూల్డు కులపోడు కాడన్నది. 1956ల సిక్కులను కలిపిండ్రు. 1990ల బౌద్ధులను కలిపిండ్రు. ఏసును నమ్మిన మాలమాదిగలు మాత్రం గీత అవుతలనే ఉన్నరు. వాళ్లకు బీసీ-సి అని ఒక్క శాతం. బాప్తిస్మం తీసుకుంటే ఊరోడు బావిల నీళ్లు తోడనిచ్చిండా? ఇల్లు కిరాయికిచ్చిండా? దెబ్బ కొట్టేటప్పుడు మాదిగోడు, హక్కు అడిగేటప్పుడు కిరస్తానీ! 2007ల రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసెయ్యమన్నది. 2009ల ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. 2022ల బాలకృష్ణన్ కమిషన్ వేసిండ్రు. పేరా మాత్రం కదల్లే. అంటే మా తాతలు మనుషులైన పుస్తకమే మా పిల్లల సీటు ఊడగొట్టే సాక్ష్యమైతది. ఆగస్టు 10న నల్లబ్యాడ్జీ పెట్టుకొని రోడ్డెక్కిన బిషప్పులున్నరు, కాదన. మా గుడిల ఆ తారీకు కనీసం ప్రకటనల కూడ చదవలే. ఆ ఆదివారం విజన్ కరపత్రాలు పంచిండ్రు.

డప్పు ముచ్చట ఇంకో తీరు. అమ్మవారి ముందట కొట్టేదని మా తాతతోటి డప్పు మాన్పించిండ్రు. సావుకు కొట్టుడు, ఊరందరికి దండోరా వేసుడు వెట్టి గనుక, మానుడే మేలయింది అంటడు మా బాపు. అది నేనూ ఒప్పుకుంట. కాని వెట్టి పోతే పాయె, చేతి విద్య ఎందుకు పాపమైంది? పురుషోత్తమ చౌదరి కీర్తనలు గుడిల తలకెత్తుకున్నరు. బ్రాహ్మణ ఇంట్ల పుట్టి క్రైస్తవుడైన ఆయన పాట మంచిదే, నేనూ పాడుత. ఆయన రాగాలు పవిత్రమై, మా తాత దరువు అన్యాచారమెట్లయింది? మొన్న వార్షికోత్సవంల "వారసత్వ సాయంత్రం" అని పైసలిచ్చి బయటి బృందాన్ని పిలిచి డప్పు నృత్యం ఏపిచ్చిండ్రు. వేదిక ముందల కూసున్నోళ్లల్ల సగం మంది డప్పు ఇండ్ల పుట్టినోళ్లే.

ఇగ భవిష్యత్తు. 1985ల కారంచేడు మాదిగలను నరికితే పానం దక్కినోళ్లు ఉరికొచ్చి చీరాల చర్చి ఆవరణల తలదాచుకున్నరు. అక్కడికెళ్లి లేచిందే దళిత మహాసభ, అక్కడికెళ్లి లేచిందే మనం ఇవాళ రాస్తున్న ఈ రాత. ఆ రోజు ఆ జాగల షట్టర్లుంటే జనం ఎక్కడ కూసుందురు? ఖాళీ జాగను చూసి "ఆదాయం లేదు" అనేటోనికి గుడి జాగ ఎందుకున్నదో ఎరుకలేదు. 1990ల మొదట్ల లక్ష దాటిన పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు నలభై వేలకు అటు ఇటు. బాపులు ఫిల్లర్లు, కొడుకులు కాంట్రాక్టు లేబర్. అదే మట్టి, అదే బొగ్గు, జీతం మాత్రం అండ్ల సగం కూడ లేదు. గుడి బల్లల మీద కూసునేది వీళ్లే. విజన్ కరపత్రం నాలుగు పేజీలల్ల కాంట్రాక్టు లేబర్ అన్న మాట వెతికిన, దొరకలే. ఇంగ్లీషు మీడియం బడి ఉన్నది. ఫీజు రాయలే.

ఇంకోటి కూడ చెప్పాలె, మనోళ్లకు కోపమొచ్చినా సరే. కమిటీల మాలలెందరు, మాదిగలెందరు అనే పంచాయితి దగ్గర మనమందరం పులులం. కుర్సీ దొరికినంక మాలాయన, మాదిగాయన కలిసే కాంప్లెక్స్ ప్లానుకు సంతకం పెట్టిండ్రు. అండ్ల మాత్రం ఐక్యత ఉన్నది.

మేం పన్నెండు మందిమి ఒక కాగితం రాసిచ్చినం. రిజిస్టరు బీరువల భద్రంగ ఉండాలె, ఏ ఇంటి పేజీ నకలు ఆ ఇంటికే ఇయ్యాలె, వేరేటోళ్లకు చూపొద్దు. పలక మీద ఫిల్లర్ల పేర్లు, బియ్యం తెచ్చిన అవ్వల పేర్లు ఎక్కాలె. ముందటి జాగ ఖాళీగ ఉండాలె. ఆగస్టు 10న గుడి గేటు ముందు సభ జరగాలె, అండ్ల మా డప్పు మేమే కొడ్తం. కాగితం ముట్టినట్టు సంతకం పెట్టుమంటే సెక్రటరీ గారు కమిటీల పెట్టి చెప్తమన్నడు. మూడు నెలలయింది. ముసలవ్వ ఆ కాగితం మీద వేలిముద్ర వేసింది, పక్కన ఆమె పేరు నేనే రాసిన.