మరకతోపాటు రంగూ పోయింది

మా అమ్మది మంగళగిరి చీర, ఆకుపచ్చకి ఎర్రంచు. మొన్న సంక్రాంతికి కట్టుకుని పులిహోర కలుపుతుంటే కొంగు మీద పసుపు నూనె పడింది. సబ్బు రుద్దితే పసుపు కాస్తా ఎర్రగా మారింది. కంగారుపడి, తెల్లబట్టలకు వాడే క్లోరిన్ బ్లీచు నీళ్ళలో కలిపి పోశాను. మరక పోయింది. ఆకుపచ్చ కూడా పోయింది. అరచేతి మేర పాలిపోయిన మచ్చ మిగిలింది.

తర్వాత తెలిసింది, సబ్బులోని క్షారానికి పసుపు ఎర్రబడుతుందట, అంతే. మామూలుగా జాడించి ఓ పూట ఎండలో ఉంచితే చాలావరకు అదే వెలిసిపోయేది. బ్లీచుకేం తెలుసు, ఏది పసుపో ఏది అద్దకమో? దానికి అన్నీ రంగులే.

టీవీలో మాత్రం ఒక్క ఉతుకుతో మరక మాయం, రంగు పదిలం! (ఉతికేది ఎప్పుడూ ఆడదే, గమనించారా?) నన్నడిగితే ఆ తొందరే మన బట్టల్ని పాడుచేస్తోంది. మంచి పౌడర్లలో ఎంజైములుంటాయి. రక్తం, పాల మరకల్ని ఒక రకం, గంజిని ఇంకోటి, జిడ్డుని మరోటి ముక్కలు చేస్తాయి. అద్దకం జోలికి పోవు. కానీ వాటికి నానే టైము ఇవ్వాలి కదా! రక్తపు మరకైతే చన్నీళ్ళే, వేణ్ణీళ్ళు పోశారో అది గట్టిగా పట్టేస్తుంది. పట్టుచీరలకు మాత్రం ఎంజైముల పౌడరు వద్దు. పట్టు కూడా ప్రోటీనే, దాన్నీ కొరుకుతాయి. వాటికి మన కుంకుడు రసమే నయం.

ఇక ఆ తళతళ సంగతి. తెల్లచొక్కా మెరిసేది మురికి పోయినందుకే కాదండీ. కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని పీల్చి నీలికాంతిగా వదిలే పదార్థం బట్టకు అంటుకుని ఉంటుంది. అమ్మ వేసే నీలిమందుకి ఇది చెల్లెలన్నమాట. అదే మీగడ రంగు బట్టకి పట్టిందంటే ఛాయే మారిపోతుంది. అందుకే మా ఇంట్లో రంగుబట్టలకు వేరే డిటర్జెంటు. డబ్బాలు రెండెందుకని మావారు గొణుగుతారు, గొణగనీండి.

అసలు చిన్న మరక ఉంటే ఏమైందట? పిల్లాడి యూనిఫాం మీద లేత పసుపు చార కనపడితే తల్లి పరువు పోయినట్టు ఎందుకు కుంగిపోతాం? ఆ సిగ్గే నా చేత బ్లీచు పోయించింది.

అమ్మ చీరని నిన్న తిరగేసి నీడన ఆరేశాను. ఉగాదికి కట్టుకుంటాను, మచ్చతోనే.