ట్రాక్టరు పాత ఆయిల్‌ను కిందినుంచే దించుదాం



దమ్ములు ముగిశాయి. ట్రాక్టర్లకు ఇంజన్ ఆయిల్ మార్చే రోజులివి. ఈ మధ్య కొందరు మెకానిక్కులు చిన్న పంపు తెచ్చి, ఆయిల్ గేజి ఉండే గొట్టంలోకి పైపు దింపి, పాత ఆయిల్‌ను పైనుంచే లాగేస్తున్నారు. పని తొందరగా అవుతోంది, చేతికి మరక అంటడం లేదు. మనమూ సరేనంటున్నాం.

పంపు చెడ్డదని మేం అనడం లేదు. కారు నేలకు దగ్గరగా ఉంటుంది. కిందికి దూరాలంటే జాకీ ఎత్తాలి, లేదా గుంత కావాలి. అక్కడ పంపు వాడితే అర్థముంది. ట్రాక్టరు కింద బేసిన్ పెట్టేంత ఎత్తు ఎలాగూ ఉంది కదా! మనకు లేని ఇబ్బందికి పంపు ఎందుకు?

చాంబరు అడుగున మడ్డి, ఇనుప రజను పేరుకుంటాయి. పైపు అడుగుదాకా చేరకపోతే అవి అక్కడే మిగిలి, వందల రూపాయలు పోసి కొన్న కొత్త ఆయిల్‌లో కలుస్తాయి. పైపు చేరిందో లేదో పైనుంచి మనకు కనపడదు. ఇంజన్‌ను కాసేపు నడిపి ఆపి, ఆయిల్ గోరువెచ్చగా ఉండగా కింది నట్టు విప్పితే మడ్డితో సహా చాలావరకు దిగిపోతుంది.

ఇంకో లాభం, దిగే ఆయిల్‌ను మన కళ్లతో చూస్తాం. మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టు. పల్చబడి డీజిల్ వాసన వస్తే డీజిల్ దిగుతున్నట్టు. మెరిసే రజను ఎక్కువగా కనిపిస్తే లోపల ఏదో అరుగుతున్నట్టు. ముందే తెలిస్తే చిన్న రిపేరుతో పోతుంది. తెలియకపోతే ఇంజన్ దించాలి, ఆ ఖర్చుకు ఒక పంట డబ్బు చాలదు.

నట్టు మర పోతుందని కొందరి భయం. పానాకు పైపు తగిలించి బలంగా బిగిస్తేనే అది పోతుంది. ముందు చేత్తో తిప్పాలి, కొత్త వాషరు వేయాలి, తర్వాత పానాతో సరిపడా బిగించాలి. ఫిల్టరు కూడా మార్చాలి. ఎన్ని గంటలకు మార్చాలో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, మీటరు చూసుకోవాలి.

ఇక దించిన ఆయిల్ సంగతి. దాన్ని కాలువ గట్టున పారబోస్తున్నాం. అది మన నీళ్లలోకి, మన మట్టిలోకే చేరుతుంది. 2016 నాటి కేంద్ర నిబంధనలు వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థంగా లెక్కించాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని శుద్ధి చేయించే బాధ్యత ఆయిల్ తయారుచేసే, దిగుమతి చేసుకునే కంపెనీల మీద కూడా పెట్టారు. మరి మన ఊళ్లకు సేకరించే బండి ఏదీ? ఆయిల్ అమ్మేటప్పుడు ఊరూరా దుకాణం ఉంది, పాతది తీసుకునేటప్పుడు ఎవరూ కనపడరు.

ప్రతి మండలంలో పాత ఆయిల్ సేకరణ కేంద్రం పెట్టాలని, లీటరుకు ఇంత అని ధర కట్టివ్వాలని మన సంఘం డిమాండ్ చేయాలి. గ్రామ కమిటీలు ఈ నెల సమావేశంలోనే తీర్మానం చేసి పంపాలి. అప్పటిదాకా పాత ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో పోసి దాచుదాం. కాలువలో మాత్రం పోయొద్దు.