గోడలో తీగ ఉండగా మళ్లీ తీగ ఎందుకు?

పల్లెల్లో మిగిలిన కొద్దిపాటి ఇంటి టెలిఫోన్లను రాగి తీగ నుంచి ఫైబరుకు మారుస్తున్నారు. మాట స్పష్టంగా వినిపిస్తోంది. అంతవరకు సంతోషమే. కాని బిగించడానికి వచ్చినవారు వీధి గదిలో పెట్టె తగిలించి, పక్కనే ఫోను పెట్టి వెళ్లిపోతున్నారు.

మా ఇంట్లో జరిగింది ఇదే. మా అమ్మ పెరటి గదిలో మంచం దిగలేదు. మా నాన్న ఉన్న రోజుల్లోనే గోడలోంచి తీగ లాగించి ఆమె చేతికందేలా పారలల్ ఫోను పెట్టించారు. అది మూగబోయింది. అడిగితే, కొత్త తీగ లాగాలి, గోడ కొట్టాలి, ఖర్చవుతుంది అన్నారు. సెల్లు ఉంది కదా అంటారు కొందరు. చూపు ఆనని ముసలివారికి ఆ అద్దం మీద అంకెలు నొక్కడం ఎంత కష్టమో ఇంట్లో ఉన్నవారికే తెలుసు.

నిజానికి గోడ కొట్టనక్కరలేదు. కొత్త పెట్టెకు ఫోను తగిలించే రంధ్రం ఉంటుంది. ఎక్స్ఛేంజీ చేసే పని, అంటే ఫోనుకు కరెంటు ఇవ్వడం, గంట మోగించడం, ఇక ఆ రంధ్రమే చేస్తుంది. అక్కడి నుంచి చిన్న తీగ తెచ్చి ఇంట్లోని పాత రోజెట్ పెట్టెలో కలిపితే గోడలోని తీగలన్నిటికీ ప్రాణం వస్తుంది.

అయితే ఒక్కటి మరువరాదు. స్తంభం నుంచి వచ్చే పాత తీగను ముందుగా రోజెట్ వద్ద విడదీసి, కొసలకు టేపు చుట్టాలి. దానిలో ఎక్స్ఛేంజీ బ్యాటరీ 48 వోల్టులు ఇంకా వస్తూ ఉండవచ్చు. రెండూ కలిస్తే కొత్త పెట్టె చెడిపోతుంది. గరగర వినిపిస్తే ఒక ఫోనును నేరుగా పెట్టెకే తగిలించి చూడండి. అక్కడ బాగుంటే లోపం గోడలోని తీగది, చెమ్మ పట్టి ఉంటుంది. పాత గంట ఫోన్లు నాలుగైదు ఉంటే అన్నిటినీ మోగించే శక్తి ఈ పెట్టెకు ఉండకపోవచ్చు. చక్రం తిప్పే ఫోనుతో నంబరు పోకపోవచ్చు కూడా. ఫైబరు కొసను మాత్రం కంటికి దగ్గరగా పెట్టి చూడవద్దు.

అసలు చిక్కు కరెంటు. రాగి తీగ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది కనుక ఇల్లు చీకటైనా ఫోను పలికేది. గాజు తీగలో కరెంటు రాదు. ఇంట్లో కరెంటు పోతే ఫోనూ పోయినట్టే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మన ఉద్దానంలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో ఎవరికీ చెప్పనక్కరలేదు. పెట్టె అడాప్టరు మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చూసి, దానికి సరిపడే చిన్న బ్యాటరీ కొనుక్కోవడం మేలు. అది కొన్ని గంటలే వస్తుంది. రోజుల తరబడి కరెంటు లేకపోతే అదీ చాలదు. ఈ సంగతి ఫోను మార్చేముందే చెప్పాలి. మాకెవరూ చెప్పలేదు.

తెలిసిన ఎలక్ట్రీషియను మా ఇంట్లో ఈ పని పావుగంటలో ముగించాడు. మరి బిగించడానికి వచ్చినవారే ఎందుకు చేయకూడదు? పారలల్ ఫోను ఉన్న ఇళ్లలో పాత తీగను కలిపి, అన్ని గదుల్లోనూ గంట మోగించి చూపిన తరువాతే ఇంటివారి సంతకం తీసుకోవాలని అధికారులు రాతపూర్వకంగా ఆదేశించాలి. అదనంగా డబ్బు తీసుకుంటే రసీదు ఇవ్వాలి. అంతవరకు, గంట మోగనిదే సంతకం పెట్టకండి.