ఋణములు అంటే ఏంటి డాడీ?

ప్రభువు ప్రార్థన నేర్పిస్తుంటే మా పదేళ్ళ అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. లూకా 11లో "పాపములు" అని ఉన్నచోట మత్తయి 6లో "ఋణములు" అని ఉంటుంది. "అప్పులు తల్లీ" అన్నాను. అక్కడితో ఊరుకుంటే బావుండేది! మత్తయి 18లోని కథ కూడా ఎత్తుకున్నాను. రాజు ఒక దాసుడికి పదివేల తలాంతులు, అంటే సుమారు 6 కోట్ల రోజుల కూలి, మాఫీ చేశాడు. వాడేమో బయటికెళ్ళి, 100 రోజుల కూలి బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. మన పాపం ఆ పెద్ద అప్పులాంటిదనీ, మనం తీర్చలేం గనుకే యేసు సిలువపై తీర్చాడనీ, కృప అంటే అదేననీ చెప్పాను.

"మరి బాబాయి నీకెంత ఇవ్వాలి?" అంది.

పొలం డబ్బుల దగ్గర తమ్ముడితో మాటలు మానేసి నాలుగేళ్ళు. ఆ ప్రార్థన మాత్రం ప్రతి ఆదివారం గట్టిగానే చెబుతున్నాను.

ఇండియాలో తెల్లవారేదాకా ఆగి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మర్నాడు ఎత్తాడు. డబ్బు మాట నేను తియ్యలేదు.